వెల్లుల్లి ఒలుస్తూ చెప్పిన చెయిన్ రూలు

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూన్ నెలలో నాకు టెక్కలి నుంచి పలాస వైపున్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు బదిలీ అయింది. హోదా గణితశాస్త్ర అధ్యాపకురాలు, శాఖ ఇన్‌ఛార్జి. ఇన్‌ఛార్జి అంటే ఏదో పెద్ద పదవి అనుకునేరు. శాఖలో ఉన్నది నేనొక్కదాన్నే. నాకు నేనే ఇన్‌ఛార్జిని. పదవీ విరమణకు ఇంకా కొద్ది కాలమే ఉంది కాబట్టి ఆ కాస్తా నిమ్మళంగా గడిపేయమని టెక్కలిలో సహోద్యోగులు వీడ్కోలు సభలో హితవు చెప్పి పంపారు. నిమ్మళంగా ఉండటం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

అక్కడ నాకు అప్పగించిన కోర్సు బి.ఎస్సీ. మొదటి సెమిస్టరు కలనగణితం. పిల్లల భాషలో కాల్‌క్యులస్. ఒక రాశి మారుతుంటే దాని మీద ఆధారపడిన ఇంకో రాశి ఎంత వేగంగా మారుతుందో కట్టే లెక్క. చెప్పడానికి ఇంతే. ఇంటర్మీడియట్‌లో సూత్రాలు బట్టీ పట్టి వచ్చిన పిల్లలకు అది ఎందుకు అలా అవుతుందో మొదటిసారి అడిగే కోర్సు ఇది. అందుకే తప్పేవాళ్లు ఇందులోనే ఎక్కువ.

మార్కులు రెండు చోట్ల నుంచి వస్తాయి. సెమిస్టరు చివర విశ్వవిద్యాలయం పెట్టే పరీక్షది పెద్ద వాటా. మిగతాది కాలేజీ చేతిలో ఉంటుంది; దాన్ని ఇంటర్నల్స్ అంటారు. మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలు, అసైన్‌మెంట్లు అందులోకి వస్తాయి. ఈ అసైన్‌మెంట్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండేది. అది చాలాచోట్ల ఎలా జరుగుతుందంటే, సెమిస్టరు ఆఖరి వారంలో బాగా చదివే పిల్ల ఒకతె అసలు ప్రతి రాస్తుంది. మిగతా తరగతి దాన్ని తెల్ల కాగితాల మీదికి ఎక్కించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో రంగుల అంచు గీసి, మొదటి పేజీలో గులాబీ పువ్వు వేసి తెస్తుంది. గులాబీకి ఒక మార్కు అదనంగా వేసే అధ్యాపకులను కూడా నేను ఎరుగుదును. గులాబీకి, కలనగణితానికి సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకని కొత్త కాలేజీలో వెళ్లిన వారానికే నా పద్ధతి నేను పెట్టాను. శనివారం లెక్కలు ఇస్తాను. సోమవారం మొదటి గంటలో అవి నా బల్ల మీద ఉండాలి. గంట దాటితే సున్నా. ఎవరితోనైనా చర్చించుకోవచ్చు, అన్ననీ అక్కనీ ట్యూషన్ మాస్టారినీ అడగవచ్చు. రాసేటప్పుడు మాత్రం ఎదుట ఇంకొకరి కాగితం ఉండకూడదు. చూసి రాస్తే రాసినవాళ్లకూ సున్నా, చూపించినవాళ్లకూ సున్నా. ఆ వారానికి మాత్రమే కాదు, హోంవర్కు వాటా మొత్తానికి. జ్వరాలూ పెళ్లిళ్లూ తుఫానులూ ఉంటాయి కాబట్టి ఒక వారం అందరికీ మాఫీ, కారణం చెప్పనక్కర్లేదు. మిడ్ పరీక్షలో ఒక ప్రశ్న అంకెలు మార్చి హోంవర్కు నుంచే వస్తుంది. కాలిక్యులేటరు, సెల్‌ఫోను దగ్గరుంటే పరీక్ష లేదు.

ప్రిన్సిపాల్ గారు రసాయనశాస్త్రం మనిషి. సరదా మనిషే కానీ విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చిందంటే ఆ రోజంతా నవ్వడం మానేసేవారు. నా కాగితం రెండుసార్లు చదివి, ఒక్క సెమిస్టరుకు అనుమతిస్తానన్నారు. ఫిర్యాదు వచ్చిందా, మర్నాటి నుంచి పాత గులాబీల పద్ధతేనని షరతు పెట్టారు. నేను ఒప్పుకున్నాను. నెల తిరక్కుండానే పిల్లలు నాకు ‘సున్నా మేడమ్’ అని పేరు పెట్టారు. నా వెనకాల అనుకునేవారు కానీ, నా చెవులు బాగానే పనిచేసేవి.

మొదటి సున్నాలు పడింది ఇద్దరు అబ్బాయిలకు. కాశీబుగ్గ కిరణ్, అక్కుపల్లి సురేష్. కిరణ్ సురేష్ కాగితం చూసి ఎంత శ్రద్ధగా దించాడంటే, సురేష్ ఒక వరుస తప్పు రాసి కొట్టేస్తే, కిరణ్ కూడా అదే వరుస రాసి, అలాగే కొట్టేశాడు. ఇదేమిటని అడిగితే, ఉన్నది ఉన్నట్టు దించాలనుకున్నానని చెప్పాడు. అబద్ధం ఆడనందుకు ముచ్చట వేసింది. సున్నా మాత్రం తప్పలేదు. ఇద్దరి హోంవర్కు వాటా పోయింది.

ఇక అసలు సంగతి. సెప్టెంబరులో చెయిన్ రూలు చెప్పాను. ఒక ప్రమేయం లోపల ఇంకొకటి, దాని లోపల మరొకటి ఉన్నప్పుడు వాడే నియమం ఇది. ఉదాహరణకు ఎక్స్ వర్గం తీసుకోండి. దాని మీద సైను, ఆ సైను మీద ఘనం. అవకలజం, అంటే ఆ మార్పు వేగం, కట్టాలంటే పైనుంచి మొదలుపెట్టాలి. మొదట ఘనానికి, తర్వాత సైనుకు, ఆఖరున వర్గానికి కట్టి, మూడింటినీ గుణించాలి. ఒక్కటి వదిలినా జవాబు తప్పు. ఆ శనివారం ఐదు లెక్కలు ఇచ్చాను. మూడింటిలో రెండేసి పొరలు, రెండింటిలో మూడేసి.

సోమవారం కాగితాలు దిద్దుతుంటే ఏడు కాగితాల దగ్గర నా కలం ఆగింది. ఏడూ మందస వైపు నుంచి బస్సులో వచ్చే అమ్మాయిలవి. రెండు పొరల లెక్కలు మూడూ ముత్యాల్లా చేశారు. మూడు పొరల లెక్కలు రెండింటిలోనూ ఏడుగురూ ఒకే తప్పు చేశారు. అన్నిటికంటే పైన ఉన్న పొర తాలూకు గుణకం లేదు. అది అసలు పుట్టనే లేదన్నట్టు రెండో పొర నుంచి మొదలుపెట్టారు. అది ఒకరిద్దరు చేసే తప్పు అయితే నేను పట్టించుకోను. మాటలు కూడా ఒకటే. ‘ఇప్పుడు దీని లోపలిది చూస్తే’ అని ఏడు చేతిరాతల్లో, ఒకే చోట, ఒకే వరుసలో.

ఆ ఏడుగురిలో ధనలక్ష్మి ఉంది. ఆ పిల్ల గురించి ముందే చెప్పాలి. జూన్‌లో అడ్మిషన్లప్పుడు వాళ్లమ్మ నారాయణమ్మ కూతురి వెంట వచ్చింది. మందస దగ్గర ఊళ్లో జీడిపప్పు షెడ్డులో పనిచేస్తుంది. పొడుగ్గా, గొంతు ఖంగుమనేలా ఉండే మనిషి. నేను లెక్కల మేడమ్‌నని తెలియగానే నా బల్ల దగ్గరికి వచ్చి, తన షరతు నా ముందే ప్రకటించింది.

“ఇదిగోనమ్మగారూ, మా గుంట సదువుతానంటంది, సదవనీ. మొదటి పరీచ్చల్లో ఒక్క పేపరు తప్పినా సదువాపీసి షెడ్డుకి తెచ్చీత్తాను. మీరే సాచ్చికం” అంది. కూతురు పక్కనే నిలబడి నవ్వుతూ తల ఊపింది.

నేను సాక్షిని. ఇప్పుడు నేనే వాత పెట్టవలసిన మనిషిని. హోంవర్కు వాటా సున్నా అయితే ఇంటర్నల్స్ కుంగిపోతాయి. ఇంటర్నల్స్ కుంగితే చివరి పరీక్షలో ఎంత బాగా రాసినా కలనగణితం పేపరు గట్టెక్కడం చాలా కష్టం. పేపరు పోతే ధనలక్ష్మి చదువు పోతుంది. మిగతా ఆరుగురి ఇళ్లలో కూడా ఇలాంటి షరతులే ఉండి ఉంటాయి. నాకు కోపం వచ్చింది, కోపం కంటే బాధ ఎక్కువ వేసింది. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని నా ప్రతి ప్రశ్నకూ తల ఎత్తే పిల్ల ఆ పిల్ల.

బుధవారం కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ ఏడూ నా దగ్గరే ఉంచుకున్నాను. తరగతికి అర్థమైపోయింది. కిరణ్‌కి అందరికంటే ముందు అర్థమైంది. మధ్యాహ్నానికల్లా ప్రిన్సిపాల్ గారి గదిలో ఉన్నాడు. తమ ఇద్దరికీ సున్నా పడినప్పుడు ఆ ఏడుగురికీ ఎందుకు పడలేదని ఫిర్యాదు. అతని మాటలో తప్పేమీ లేదు. నిజం చెప్పాలంటే అతని స్థానంలో ఉంటే నేనూ వెళ్లేదాన్ని.

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. “మేడమ్, నియమం మీదే. శుక్రవారంలోగా ఏడుగురికీ సున్నా అయినా వేయండి, కాపీ కాదని అందరి ముందూ అయినా తేల్చండి. రెండూ కుదరకపోతే గులాబీలే” అన్నారు. ఆ రోజు ఆయన నవ్వలేదు.

సాయంత్రం బస్సు రాకముందు ధనలక్ష్మిని స్టాఫ్ రూముకు పిలిచాను. నేను అడగకముందే తనే మొదలుపెట్టింది.

“సున్నా ఎయ్యాలంటే నాకెయ్యండి మేడమ్. ఆల్లకి సెప్పింది నానే.”

చెప్పడం నా నియమంలో నేరం కాదని, చూపించడమే నేరమని గుర్తు చేశాను.

“సూపించనేదు మేడమ్. ఎవుళూ సూసి రాయనేదు” అంది. గొంతులో భయం ఉంది కానీ తడబాటు లేదు.

మరి ఏడుగురూ ఒకే మాట ఎలా రాశారని అడిగాను. అప్పుడు ఆ పిల్ల చెప్పిన సంగతి ఇది. కాలేజీ అయ్యాక ఏడుగురూ ఊరు చేరి, చీకటి పడేదాకా షెడ్డులో అమ్మల పక్కన కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తారు. ఆదివారాలు పొద్దుటి నుంచీ అదే పని. ఆ షెడ్డులోకి కలం తీసుకువెళ్లనివ్వరు. సిరా మరక పడితే పప్పు మంచి రకంలోంచి తప్పిపోతుంది. సుద్దముక్క అసలే కుదరదు. చేతులు కడుక్కుని కూర్చోవాలి, పని అయ్యేదాకా ఇంకేదీ ముట్టకూడదు. అందుకని బస్సు దిగేలోగా లెక్కలు పంచుకుని కంఠస్థం చేసుకుంటారు. షెడ్డులో కూర్చున్నాక ఒకతె లెక్క చెబుతుంది. ధనలక్ష్మి మొదటి మెట్టు చెబుతుంది, పక్కమ్మాయి రెండోది, ఆ పక్కమ్మాయి మూడోది. ఎవరైనా తప్పితే మళ్లీ మొదటికి. అందరికీ ఆ చివర నుంచి ఈ చివరకు నోటికి వచ్చేదాకా తిప్పుతారు. ఇంటికి వెళ్లాక ఎవరి కాగితం వాళ్లు రాసుకుంటారు.

“పెన్నుతో సేత్తే ఒక్కసారే సేత్తాం మేడమ్. నోటితో అయితే పదిసార్లు సెప్పుకోవాల” అంది.

నాకు మా టెక్కలి చర్చి గుర్తొచ్చింది. నా చిన్నతనంలో స్త్రీల వైపు కూర్చునే వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఒక పెద్దావిడ కీర్తన పాడితే విని నేర్చుకునేవారు. ఆవిడ ఒక చరణంలో ఒక మాట తప్పుగా పాడేది. మా అమ్మతో సహా ఆ వైపు వాళ్లంతా ఏళ్ల తరబడి ఆ తప్పునే నిండు గొంతుతో పాడారు. పాస్టరు గారు ఎంత దిద్దినా మారలేదు. వాళ్లెవరూ ఎవరి కాగితమూ చూసి పాడలేదు.

అయినా చర్చి జ్ఞాపకం కిరణ్‌కి సమాధానం కాదు. రుజువు కావాలి. శుక్రవారం తరగతిలో అందరి ముందూ ఏడుగురికీ కొత్త లెక్కలు ఇస్తానని, కాగితం, కలం లేకుండా నోటితో చెప్పాలని ప్రకటించాను. ఇలాంటి నోటి పరీక్షను వైవా అంటారు. సైన్సు ప్రయోగాలకు అది మామూలే. కలనగణితానికి వైవా పెట్టిన సంగతి నేనైతే అంతకుముందు వినలేదు.

శుక్రవారం వచ్చింది. మొదట పద్మ అనే అమ్మాయి లేచింది. రెండు పొరల తేలిక లెక్క ఇచ్చాను. పద్మ నోరు తెరిచి, మూసి, చున్నీ కొస మెలిపెట్టడం మొదలుపెట్టింది. ఒక్క మాట రాలేదు. రెండో అమ్మాయిదీ అదే వరస. వెనక నుంచి కిరణ్ గొంతు సవరించుకున్నాడు. ఈ పిల్లలు నన్ను బుట్టలో వేశారేమోనని ఒక క్షణం అనిపించింది.

అప్పుడు ధనలక్ష్మి చెయ్యెత్తింది. “మేడమ్, సేతులు కాళీగా ఉంటే నోరు రాటం నేదు” అంది.

తరగతి గొల్లుమంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ ఆ పిల్ల ముఖంలో వేళాకోళం లేదు. మిగతా ఆరుగురూ అదే సంగతి అన్నట్టు తలలూపుతున్నారు. అప్పుడు పద్మ చేతుల వంక చూశాను. చున్నీ మెలిపెట్టడం లేదు ఆ పిల్ల. బొటనవేలితో దాన్ని ఒలుస్తోంది.

కాలేజీలో జీడిపప్పు ఎక్కడ దొరుకుతుంది? క్యాంటీన్ నడిపే సింహాచలానికి కబురు పెట్టాను, ఒలిచే వస్తువు ఏదైనా ఉంటే పంపమని. అతను స్వయంగా వచ్చాడు, చేటలో వెల్లుల్లి పోసుకుని. మర్నాడు పచ్చడికి ఒలవాలని దాచుకున్న సరుకట. “ఒలిసినవి మాత్రం నాకే ఇచ్చీయాల మేడమ్” అని మాట తీసుకుని, అలాగే గుమ్మంలో నిలబడిపోయాడు.

చేట బల్ల మీద పెట్టి ఏడుగురినీ చుట్టూ కూర్చోబెట్టాను. పద్మ రెండు రెబ్బలు ఒలిచింది. మూడో రెబ్బ దగ్గర నోరు తెరుచుకుంది. ఇక ఆగలేదు. బయట ఏముంది, దాని అవకలజం ఏమిటి, లోపల ఏముంది, దేనితో దేన్ని గుణించాలి, అన్నీ చేతి వేగంతోనే వచ్చేశాయి. రెండో అమ్మాయీ అంతే. మూడో అమ్మాయికి లెక్క మధ్యలో అంకె మార్చాను. ఒలుపు ఆపకుండా మార్చి చెప్పింది. చూసి రాసినవాళ్లు ఇలా చెప్పలేరని కిరణ్‌కి కూడా తెలుసు. చూసి రాసిన అనుభవం అతనికి ఉంది కదా.

అప్పుడు మళ్లీ పద్మకు మూడు పొరల లెక్క ఇచ్చాను. పద్మ హాయిగా రెండో పొర నుంచి మొదలుపెట్టి జవాబు చెప్పేసింది. మిగతా ఆరుగురూ సరిగ్గా ఉందన్నట్టు చూశారు. అదే తప్పు, నా కళ్ల ముందు, తాజాగా.

“అన్నిటికంటే పైన ఘనం ఉంది కదమ్మా, దాన్నేం చేశావు?” అని అడిగాను.

“అది పెంకు మేడమ్” అంది పద్మ.

“పెంకైతే?”

“పెంకు మాకు రాదు మేడమ్. బట్టీలోనే పోతాది. మాకొచ్చేది పొట్టూ పప్పూ.”

జీడితోటలున్న మా ఉద్దానం ప్రాంతం వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. జీడి గింజకు పైన గట్టి పెంకు ఉంటుంది. దాన్ని బట్టీ దగ్గర వేడి చేసి, పగలగొట్టి తీసేస్తారు. అది వేరే చోట, వేరే మనుషుల పని. లోపలి పప్పు పల్చని ఎర్ర పొట్టుతో షెడ్డుకు వస్తుంది. ఆడవాళ్లు ఆ పొట్టు తీసి పప్పు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు పెడతారు. పొట్టు కూడా పారేయరు, సంచులకెత్తుతారు. చెయిన్ రూలు ఎలా గుర్తుపెట్టుకోవాలని షెడ్డులో మిగతావాళ్లు అడిగితే ధనలక్ష్మి చేతిలో ఉన్నదే చూపించింది: లోపలిది పప్పు, పైది పొట్టు, రెండూ ఉంచుకుని గుణించాలి. రెండు పొరల వరకూ ఇంతకంటే మంచి పాఠం నేనూ చెప్పలేను. మూడో పొర వచ్చేసరికి అది పెంకు అయింది. పెంకు అనేది ఆ షెడ్డు గడప ఎన్నడూ తొక్కలేదు కాబట్టి, ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

నేను నవ్వాపుకోలేకపోయాను. నాతో పాటు తరగతంతా నవ్వింది, పద్మతో సహా. సింహాచలం గుమ్మంలో అందరికంటే గట్టిగా నవ్వాడు. ధనలక్ష్మి ఒక్కతే నవ్వలేదు. ఒలిచిన రెబ్బ చేతిలో పట్టుకుని కాసేపు చూసి, “అయితే బట్టీ కాడినుంచే మొదలెట్టాల మేడమ్. పెంకు కూడా ఉంచుకోవాల” అంది. అదే లెక్కను మొదటి నుంచి చెప్పింది. పెంకు, పొట్టు, పప్పు. ఘనం, సైను, వర్గం. మూడు గుణకాలూ వచ్చాయి. పక్కమ్మాయి అందుకుని ఇంకోటి చెప్పింది. ఆ తప్పు నా కళ్ల ముందే పుట్టి, అక్కడే దిద్దుబాటైంది.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వాసన ఆయన గదిదాకా వెళ్లింది. చేట, ఒలిచిన వెల్లుల్లి, చుట్టూ అమ్మాయిలను చూసి, “మేడమ్, ఇది కాలేజీయా, పెళ్లివారి వంటపాకా?” అని అడిగారు. కూర్చోబెట్టి ఒక లెక్క వినిపించాను. రసాయనశాస్త్రం మనిషి కాబట్టి అర్థమైనట్టే తల పంకించారు. ఈసారి నవ్వారు.

నా తీర్పు అక్కడే చెప్పాను. చర్చ అనుమతించిన నియమం నాదే. ఎవరి కాగితం వాళ్లు రాశారని తేలింది. కాబట్టి కాపీ కాదు. తప్పు చేసిన రెండు లెక్కలకు మార్కులు పోతాయి, మిగతావి ఉంటాయి. ఇంకేమైనా అభ్యంతరం ఉందా అని కిరణ్‌ను అడిగాను. అతను లేచి, అభ్యంతరం లేదని, తనకూ రెండు వెల్లుల్లి రెబ్బలు ఇస్తే తన పాత లెక్క చెప్పి చూస్తానని అన్నాడు. ఇచ్చాను. మొదటి మెట్టు చెప్పి ఆగిపోయాడు. ఒలిచిన రెబ్బ వంక ఎంతసేపు చూసినా రెండో మెట్టు అందులో కనబడలేదు.

“వారం టైమివ్వండి మేడమ్” అన్నాడు.

అలా నా పద్ధతిలోకి కొత్త నియమం వచ్చి చేరింది. హోంవర్కులో ఉన్న ఏ లెక్కనైనా అడిగినప్పుడు నోటితో చెప్పగలగాలి. చెప్పలేకపోతే రాసిన మార్కు సగం పోతుంది. చూసి రాసో, చూపించో సున్నా తెచ్చుకున్నవాళ్లు వారం గడువులో నోటితో చెబితే సగం తిరిగి వస్తుంది. ఇది కాగితం మీద ఉండాలని ప్రిన్సిపాల్ గారు పట్టుబట్టారు. తన ఆఫీసు భాషలో తానే ఆఖరి వాక్యం చేర్చి సంతకం పెట్టారు: ‘నోటి పరీక్షయందు చేతికి పని కావలసిన విద్యార్థులు తగు సామగ్రిని తామే తెచ్చుకొనవలెను.’ కిరణ్ వారం తిరిగేసరికి జేబులో వెల్లుల్లిపాయతో వచ్చి, లెక్క మొత్తం చెప్పి, సగం మార్కులు తీసుకుపోయాడు. సురేష్‌ను కూడా వెంటబెట్టుకొచ్చాడు. సింహాచలం ఆ సెమిస్టరంతా వెల్లుల్లి ఒలిచిన పాపాన పోలేదు.

మిడ్ పరీక్ష రోజున ఇంకో తమాషా జరిగింది. ఆ గదికి ఇన్విజిలేటరు, అంటే పర్యవేక్షకుడు, చరిత్ర అధ్యాపకుడు. సగం పరీక్షలో నాకు కబురు పంపారు, మందస అమ్మాయిలు బల్ల కింద వేళ్లతో సైగలు చేసుకుంటున్నారని. వెళ్లి చూశాను. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు కదులుతున్నాయి. ఒకరి వంక ఒకరు చూడటం లేదు. ఏమీ లేని చోట ఏదో ఒలుస్తున్నారు, కుడి చేత్తో రాస్తున్నారు. సైగలు కావు, పని చేసుకుంటున్నారు, వదిలేయమన్నాను. ఆయనకు నేను చెప్పింది ఎంతవరకు నమ్మకం కుదిరిందో తెలియదు. పేపరులో నేను మూడు పొరల లెక్క పెట్టాను. ఏడుగురూ మూడు గుణకాలూ రాశారు. ఈసారి మాటలు ఎవరివి వాళ్లవే.

సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. ఏడుగురూ అన్ని పేపర్లూ పాసయ్యారు. కలనగణితంలో ధనలక్ష్మిది తరగతిలో పైనుంచి రెండో స్థానం. సెలవుల్లో ఒక ఆదివారం, చర్చి అయ్యాక, టెక్కలి నుంచి పలాస మీదుగా మందస వెళ్లాను. నాకు ఆ షెడ్డు చూడాలని ఉంది. సాక్షిని కాబట్టి నారాయణమ్మ నోట షరతు తీరిందన్న మాట వినాలని కూడా ఉంది.

షెడ్డు గుమ్మంలో నా కలాన్ని కూడా బయట పెట్టించారు. లోపల వరుసగా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎదుట చేటల్లో ఎర్ర పొట్టుతో పప్పు. నారాయణమ్మ నన్ను చూసి లేవలేదు. లేస్తే చేతులు మళ్లీ కడుక్కోవాలి. కూర్చున్న చోటు నుంచే గొంతెత్తింది.

“ఏటమ్మగారూ, ఈ గుంటలు సెలవలనీసి లెక్కలాపీసినారు. షెడ్డులో ఊసుపోటం నేదు. మీరు రొండో పాటం ఎప్పుడు మొదలెడతారు?”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఒకావిడ, పెంకు లెక్క తనకు నచ్చిందని చెప్పింది. సెమిస్టరంతా సాయంత్రాలు ఈ పిల్లలు మెట్టు మెట్టుగా చెప్పుకుంటుంటే, ఎవరు ఎక్కడ తప్పుతారోనని వీళ్లంతా చెవులప్పగించి విన్నారట. అర్థం కాకపోయినా, తప్పిన చోట అందరూ ఒకేసారి ‘మల్లీ మొదటికి’ అని అరిచేవారట.

ఒక్క పేపరు తప్పినా ఆపేస్తానన్నారు కదా, ఇక ఆ మాట లేనట్టేనా అని నారాయణమ్మను అడిగాను.

“ఇప్పుడాపీసేత్తే, దీని తరవాతేటొత్తాదో మాకెలా తెలుత్తాది?” అంది. కూతురి వంక చూసి, “మొదలెట్టవే” అంది.

ధనలక్ష్మి నా వంక చూసింది. రెండో సెమిస్టరులో సమాకలనం వస్తుంది. అవకలనంలో విడదీసినదాన్ని మళ్లీ కూర్చడమని ఒక్క ముక్క చెప్పాను. నారాయణమ్మ చేతి పని ఆపకుండానే, ఒలిచిన పప్పుకి మళ్లీ పొట్టు తొడగడం ఎవరి తరమని అడిగింది. అదే ఆ కోర్సులో కష్టమని చెప్పాను.

ఈ ఉదంతం నాకు నేర్పినదాన్ని వృత్తిలో ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఏడు కాగితాల్లో ఒకే తప్పు కనబడితే ఉపాధ్యాయులకు మొదట తట్టే మాట కాపీ. ఆ తప్పు చెప్పేది ఒక్కటే, ఏడుగురూ ఒకే చోట నేర్చుకున్నారని. ఆ చోటు ఎక్కడో, అక్కడ ఎలా నేర్చుకున్నారో కనుక్కున్నాకే సున్నా వేయాలా వద్దా అన్నది తేలుతుంది. పదవీ విరమణ రోజు దాకా నేను సున్నాలు వేస్తూనే ఉన్నాను. వేసే ముందు మాత్రం, ప్రతిసారీ, ఆ లెక్క ఒకసారి నోటితో చెప్పించుకున్నాను.